లాల్‌దర్వాజ గల్లీల్లో తలుపులు, కుక్కలు

హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజకు వెళ్లి దర్వాజ ఎక్కడని అడిగితే నవ్వుతారు. పేరు మిగిలింది, దర్వాజ లేదు. పక్కనున్న గౌలిపురా, అలియాబాద్, కాస్త దూరంలో యాకుత్‌పురా, అటువైపు దూద్‌బౌలి, వీటి పేర్లతో కోటగోడకు ఒక్కో దర్వాజ ఉండేది. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ఆ గోడను మొదటి నిజాం పూర్తి చేయించాడు. 1908 సెప్టెంబరులో మూసీ వరద కొంత తీసుకుపోయింది, మిగిలినదాన్ని ఊరు పెరిగి మింగేసింది. ఇవాళ నిలబడి ఉన్నవి పురానాపూల్ దర్వాజ, దబీర్‌పురా దర్వాజ, రెండే. ఇక చూడవలసినవి ఇళ్ల దర్వాజలు. అందుకు శాలిబండ దగ్గరే బండి ఆపేసి, నాగులచింత దాటి లోపలి గల్లీల్లోకి నడిచిపోవాలి. బండి మీద పోతే తలుపులు కనపడవు, కుక్కలు మాత్రం వెంటపడతాయి.

పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మంచి సమయం. అప్పటికి తలుపులు తెరుచుకుంటూ ఉంటాయి గానీ దుకాణాల షట్టర్లు లేవవు, ఎండ ఏటవాలుగా పడి చెక్కడాలు బాగా కనిపిస్తాయి. కుక్కలకూ అది డ్యూటీ దిగే వేళ. రాత్రంతా అరిచి అలిసి, పాలవాడు పోయాక ఎక్కడివక్కడ పడుకుంటాయి. ఎనిమిది దాటితే స్కూలు ఆటోల హడావుడిలో రెండూ సరిగా చూడలేం.

ముప్పై నలభై ఏళ్ల కింద ఈ గల్లీల్లో ఇల్లంటే ముందు దర్వాజే. గోడ మట్టిదో డంగుసున్నందో అయినా దర్వాజ మాత్రం టేకుదే. ఆదిలాబాదు టేకు, కలిగినవాళ్లయితే బర్మా టేకు. కింద కడప (గడప), పక్కన రెండు నిలువు కర్రలు, పైన అడ్డకర్ర. మామూలు ఇంట్లో కర్ర ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. పెద్ద ఇళ్లలో ఆరు, నాలుగు. కడప, పైకర్ర రెండూ చట్రం దాటి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు పొడుచుకొచ్చి గోడలోకి దిగేవి. ఆ కొమ్ములే దర్వాజను గోడకు పట్టి ఉంచేవి. ఇప్పుడు ఆ పని పక్కకు మూడేసి చొప్పున బిగించే ఇనుప హోల్డ్‌ఫాస్టులు చేస్తున్నాయి. కొమ్ములున్న దర్వాజను గోడ పగలగొట్టకుండా తీయలేరు. అందుకే ఇల్లు మూడుసార్లు మారినా దర్వాజ అలాగే ఉండిపోయిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పైన స్లాబు, గోడలకు టైల్సు, మధ్యలో తాతలనాటి టేకు.

ఇంకా పాతవాటికి బందులు కూడా ఉండవు. తలుపు రెక్కలో గోడవైపు నిలువు కర్ర పైనా కిందా కుసిగా పొడుచుకొచ్చి ఉంటుంది. పై కుసి పైకర్రలో బెజ్జంలోకి, కింది కుసి కడపలోని గుంటలోకి దిగుతాయి. పై బెజ్జం కావాలనే లోతుగా తవ్వుతారు. రెక్కను పైకెత్తితే కింది కుసి బయటికి వస్తుంది, అప్పుడు వాలుగా లాగి రెక్క తీసేయొచ్చు. పెళ్లికి పెద్ద బిందెలైనా మంచమైనా లోపలికి పోవాలంటే ఇంటివాళ్లే ఇద్దరు పట్టి రెక్కలు తీసి గోడకు ఆనించేవాళ్లు. వడ్లాయన (వడ్రంగి) అక్కర్లేదు. కిర్రుమంటే కింది గుంటలో నాలుగు చుక్కల ఆముదం. కిరసనాయిలు పోస్తే ఆ పూటకు చప్పుడు ఆగుతుంది గానీ, ఆరిపోయాక కర్ర మరీ పొడిబారి ఇంకా గట్టిగా అరుస్తుంది.

కుసి అరిగితే రెక్క కిందికి దిగుతుంది. దిగిన రెక్క నేల మీద రాసుకుంటుంది. దర్వాజ లోపలి షాబాదు బండ మీద గీసిన పావు వృత్తం చూస్తే ఆ తలుపు ఎన్నేళ్లుగా దిగి ఉందో తెలిసిపోతుంది. కొన్ని ఇళ్లలో ఆ గీత వేలు ఇరుక్కునేంత లోతు. దాన్ని సరిచేయడం తేలికే. కింది గుంటలో అరిగినంత మందం ఇనుప బిళ్ల వేస్తే రెక్క లేస్తుంది. ఆ మాత్రం పని చేయించకుండా రెక్క అడుగు చెక్కించినవాళ్లు ఉన్నారు. వానాకాలం నీళ్లు, ఎలుకలు లోపలికి వచ్చేది ఆ సందులోంచే.

రెండు రెక్కల తలుపులో మరో చిన్న సంగతి. ఒక రెక్క అంచుకు నిలువుగా పట్టీ కొట్టి, దాని మీద వరసగా ఇత్తడి బొడిపెలు దించుతారు. ఆ పట్టీ రెండు రెక్కల మధ్య సందును కప్పుతుంది. మూసేటప్పుడు పట్టీ లేని రెక్క ముందు మూయాలి, పట్టీ ఉన్నది తర్వాత. తిరగేసి మూస్తే పట్టీ అడ్డం తగిలి విరుగుతుంది. కొత్త కోడలికి, అద్దెకొచ్చినవాళ్లకు ఇంటివాళ్లు మొదట చెప్పే మాట ఇదే. పగలంతా పట్టీ లేని రెక్కను బేడం పెట్టి ఉంచి, పట్టీ ఉన్నది తెరిచి ఉంచేవాళ్లు. ఒక మనిషి పోవడానికి పద్దెనిమిది అంగుళాలు చాలు. గొలుసు గొల్లెం కొండి పైకర్రకు ఉండేది, పిల్లలకు అందకుండా. పొద్దున ఐదింటికి గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆ గొలుసులు జారి తలుపుకు కొట్టుకునే చప్పుడు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ చప్పుడికి లేచేది కుక్కలే ముందు.

దేవిడీల, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతుల దర్వాజలది వేరే లెక్క. గుర్రబ్బగ్గీ పోయేంత ఎత్తు రెక్కలు, వాటిలో ఒకదానికి మనిషి వంగి దూరేంత ఖిడ్కీ. పెద్ద రెక్కలు పెళ్లికో పండక్కో తెరిచేవాళ్లు, రోజువారీ రాకపోకలన్నీ ఖిడ్కీలోంచే. లోపలి అడ్డగడియ ఒక దూలమంత ఉంటుంది. తలుపు పక్క గోడలో దాని నిడివంత లోతు బొక్క వదిలి, పగలు గడియను అందులోకి తోసేసి, రాత్రి బయటికి లాగి అవతలి గోడ గూటిలోకి దించేవాళ్లు. ఇప్పుడు దేవిడీలు చాలావరకు ఫంక్షన్ హాళ్లు, కట్టె అడితీలు, అపార్టుమెంట్లు అయిపోయాయి. గడియ పోయినా గోడలో ఆ బొక్క మిగిలిన చోట్లున్నాయి. వాటిలో పిచ్చుకలో, ఎవరో దాచిన తాళంచెవులో ఉంటాయి.

చెక్కడం చూసి ఇంటివాళ్లెవరో పోల్చేవాళ్లు. పైకర్ర మధ్యలో గజలక్ష్మి, రెండు వైపులా చిలకలు ఉంటే ఒకరు. తీగ, కమాను, పైన రంగుతో రాసిన 786 ఉంటే ఇంకొకరు. పనివాళ్లు మాత్రం చాలాసార్లు వాళ్లే. తీగ చెక్కిన ఉలే చిలకనూ చెక్కేది. ముస్లిం ఇళ్ల దర్వాజకు పర్దా తప్పనిసరి. మందపాటి గుడ్డ, గాలికి లేవకుండా కింది అంచు మడతలో సన్నటి ఇనుప కడ్డీ కుట్టేవాళ్లు. పర్దా ఉందంటే తలుపు తెరిచే ఉందని అర్థం. రాత్రి పడుకునే దాకా తలుపు మూయని గల్లీ అది.

కడప సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి. శుక్రవారం పొద్దున కడప కడిగి, పసుపు తడిపి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అడుగున బియ్యప్పిండి ముగ్గు. దర్వాజ నిలబెట్టిన రోజున కడప కింద నవధాన్యాలు, పంచలోహాలు, రూపాయి బిళ్ల వేసి ఉంటారు కాబట్టి దాని మీద కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు, దాటాలి. కర్రకు ఇది మేలే చేసింది: తొక్కుడు పడలేదు, వారానికోసారి పూసిన పసుపు మళ్లీ కడిగేది గనుక కర్ర తడిసినా ఆరేది. ఇప్పుడు చాలా ఇళ్లలో పసుపు ఎనామిల్ కొట్టి, దాని మీద ఎర్ర చుక్కలు రంగుతోనే పెట్టేస్తున్నారు. చూడటానికి నిత్యం శుక్రవారమే. కానీ ఇల్లు తుడిచిన నీళ్లు కడప అడుగున చేరి, పైన రంగు పొర ఉండటంతో ఆవిరయ్యే దారి లేక, కర్ర లోపలి నుంచి కుళ్లుతుంది. నాలుగైదేళ్లకు రంగు బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. కొట్టాలనుకుంటే పైన రెండు కోట్లు కొట్టి అడుగు వదిలేయకూడదు. ఆరు పక్కలా రంగు పడాలి, లేదా ఏ పక్కా పడకూడదు. ఉగాది ముందు అవిసె నూనె వెచ్చజేసి గుడ్డతో రుద్దేవాళ్లు. అది అన్నిటికన్నా మేలు. ఆ గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి.

చెదలు వచ్చేది కూడా కింది నుంచే. నిలువు కర్ర పాదం దగ్గర మట్టి గీత కనిపిస్తే సుత్తి పిడితో తట్టి చూడాలి. గట్టి చప్పుడొస్తే పైపైనే ఉంది, బోలుగా మోగితే తిన్నది. చెదలు తినేది ఎక్కువగా అంచున ఉండే తెల్ల చెక్కను, నడిమి ఎర్రకర్రను వదిలేస్తాయి. పాడైన ఆరేడు అంగుళాలు ఏటవాలుగా కోసి కొత్త ముక్క అతికితే దర్వాజ మొత్తం మార్చే పని ఉండదు.

తలుపులు ఇంటివాళ్ల సొంతమే గానీ సర్కారుకూ అవే నోటుబుక్కు. మున్సిపాలిటీ రేకు నంబరు ఒకటి, ఇల్లు పంచుకున్నాక దానికి తోకగా బై ఒకటి, బై రెండు. 1995 నుంచి పల్స్ పోలియో వాళ్లు సుద్దముక్కతో రాసిన ‘పి’, పిల్లలు దొరకని ఇంటికి ‘ఎక్స్’, పక్కన తేదీ. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు అంటించిన స్టిక్కరు. 2024 నవంబరు కుల సర్వే స్టిక్కరు. కొన్ని తలుపుల మీద ఇవన్నీ ఒకదాని మీద ఒకటి. సుద్దరాత వానకు పోతుంది. స్టిక్కరును మాత్రం గోటితో గీకొద్దు, పాలిష్ లేచిపోతుంది. కొబ్బరినూనె రాసి అరగంట ఆగితే జిగురు వదులుతుంది.

ఇక కుక్కలు. దర్వాజకు రెండు వైపులా చబుత్ర, అంటే అరుగు ఉండేది, నేలకు రెండడుగుల ఎత్తు, పైన షాబాదు బండ. బండ మీద ముసలాయన, బండ కింద నీడలో కుక్క. ఆ కుక్కను ఎవరూ పెంచలేదు. గొలుసు లేదు, లైసెన్సు లేదు. కాని అది ఫలానా వాళ్ల దర్వాజ కుక్కే. ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్లందరూ దానికి తెలుసు. తలుపు రోజంతా తెరిచి ఉండటంతో లోపలి మనుషుల వాసన, గొంతులు, చుట్టాల రాకపోకలు అన్నీ దాని ముందే జరిగేవి. పాతబస్తీలో కుక్కకూ మనిషికీ మధ్య సఖ్యత ఎక్కువ ఉండేదని పెద్దవాళ్లు అంటే అది ఉత్త మురిపెం కాదు. తెరిచిన తలుపు, చబుత్ర, ఈ రెంటి మీద ఆధారపడ్డ సంగతి అది.

ఎండాకాలంలో కుక్కను చూసి పొద్దు చెప్పొచ్చు. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే, మిగతా వేడంతా నాలుక చాపి వగర్చి పోగొట్టుకోవాల్సిందే. అందుకే చల్లటి రాయి కోసం జాగా మారుస్తూనే ఉంటుంది. పొద్దున పడమటి ముఖం చబుత్ర, మధ్యాహ్నం నల్లా దగ్గర తడి మట్టి, నాలుగు దాటాక తూర్పు ముఖం ఇంటి కడప. చలికాలం ఇదంతా తిరగబడి, హోటలు తందూరు పక్క బూడిద గుంట కోసం పోట్లాటలు.

గల్లీకో గుంపు. నాలుగో ఐదో, వెడల్పు గల్లీ అయితే ఏడెనిమిది. పక్క గల్లీ కుక్క మూల మలుపు దాటితే చాలు, అన్నీ లేచి మలుపు దాకా తరిమి, అక్కడ గీత గీసినట్టు ఆగి వెనక్కి వస్తాయి. కొత్తగా నడిచేవాళ్లు ఈ గీతలు తెలుసుకుంటే సగం భయం పోతుంది. కుక్క వెంటపడితే పరుగెత్తొద్దు. దాని కళ్లలోకి చూడకుండా, అదే వేగంతో మలుపు దాకా నడిస్తే అదే ఆగుతుంది. బండి మీద ఉంటే వేగం పెంచొద్దు, తగ్గించాలి, కుదిరితే ఆపేయాలి. కదిలే చక్రం వెంట పరుగెత్తడమే దాని సరదా, ఆగితే దానికి ఏం చేయాలో తోచదు. బండి మీంచి పడి విరిగిన చేతులు కుక్క కాటు కన్నా తక్కువేం కాదు. రాయి తీస్తున్నట్టు వంగడం అందరికీ తెలిసిన ఉపాయమే, రాళ్లు తిన్న కుక్క మీద పనిచేస్తుంది కూడా. కాని మూసుకుపోయిన గల్లీలో, కుక్క వెనకాల గోడ ఉన్నప్పుడు వంగొద్దు. దానికి పోయే దారి మీ మీదుగానే.

మొరిగే కుక్క కరవదన్న సామెతను కూడా మరీ నమ్ముకోవద్దు. ఎగిరెగిరి, అటూ ఇటూ గెంతుతూ మొరిగేది భయపడి మొరుగుతోంది. ఒళ్లు బిగబట్టి, తోక నిక్కబొడిచి దాని కొస మాత్రం వణికిస్తూ, తక్కువ గొంతుతో గుర్రుమనేది వేరు. దాని దగ్గర ఆగి, పక్కకు తిరిగి, మెల్లగా వెనక్కి జరగాలి. రోజూ చీపురు పట్టుకొని వచ్చే మున్సిపాలిటీ ఆమెను ఒక్క కుక్కా అనదు. భుజాన గోనెసంచితో చిత్తుకాగితాలేరే పిల్లవాడిని గల్లీ గల్లీ అప్పజెప్పినట్టు తరుముతాయి. సంచి ఆకారం, ఆగి ఆగి నడిచే నడక, చెత్తకుప్ప దగ్గర పోటీ, మూడూ కలిసి వస్తాయి వాడికి.

తిండి విషయంలో ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది. మార్వాడీల ఇంట్లో కుక్కకని ఒక రొట్టె తీసిపెట్టేవాళ్లు. తెలుగువాళ్ల ఇంట్లో రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి చబుత్ర పక్క చట్టిలో వేసేవాళ్లు. శనివారం నల్లకుక్కకు ప్రత్యేకం. ముస్లిం ఇళ్లలో కుక్కను కడప లోపలికి రానివ్వరు, కాని దస్తర్‌ఖాన్ మీది ఎముకలు మూల మీదికి చేరేవి. బక్రీదు తర్వాత రెండు రోజులు ఏ కుక్కా మొరగదు, తినీ తినీ పడుకుంటాయి. మటన్ ఎముకల రోజుల్లో ఇబ్బంది లేదు గానీ ఇప్పుడంతా కోడి. ఉడికిన కోడి ఎముక చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పచ్చిది నయం. వేసేవాళ్లు వేళకు, ఒక్క చోటే, తలుపులకు పది అడుగుల అవతల వేస్తే పోట్లాటలు తగ్గుతాయి. నా లెక్కలో సగం తగవులు తిండి వల్ల కాదు, తిండి పెట్టిన జాగా వల్ల.

తలుపుకూ కుక్కకూ మధ్య పాత పంచాయితీ ఒకటుంది: కాలెత్తడం. నిలువుగా, మూలగా ఉన్నది ఏదైనా కుక్కకు ఉత్తరాల పెట్టె. ముందు వచ్చిన వాసన మీద తన వాసన వేయకుండా పోదు. టేకు దర్వాజ పాదం ఆ తడికి నల్లబడుతుంది, ఇనుప గేటయితే మరీ ఘోరం. ఏ గేటైనా చూడండి, వీధివైపు కింది మూలే ముందు తుప్పు పడుతుంది. ఉచ్చలోని ఉప్పు, దాన్ని కడిగిన నీళ్లు రెండూ ఆ మూలలోనే నిలుస్తాయి. దీనికి విరుగుడని ఊరంతా వేలాడదీసింది ఎర్రనీళ్ల సీసా. ప్లాస్టిక్ సీసాలో కుంకుమ కలిపిన నీళ్లు, లేదా పొటాషియం పర్మాంగనేటు పలుకులు, కొందరు ఉజాలా నీలం. కుక్క కంటికి కనబడే రంగులు నీలం, పసుపే. ఎరుపు దానికి మసక గోధుమ రంగు. కాబట్టి ఎర్ర సీసాకు భయపడే కారణమేదీ దానికి లేదు. సీసా కిందే కాలెత్తిన కుక్కలు కోకొల్లలు. అయినా సీసాలు వేలాడుతూనే ఉన్నాయి, గుమ్మడికాయ పక్కన, నిమ్మకాయ మిరపకాయల పక్కన, దిష్టి సామానులో కలిసిపోయి.

పనిచేసేది వాసన పోగొట్టడమే. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కడిగితే ఆ వాసన ఉచ్చ వాసనకే దగ్గర, కుక్క మళ్లీ వస్తుంది. ముందు మామూలు నీళ్లు పోసి, తర్వాత సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్ చల్లి పది నిమిషాలు వదిలి కడగాలి. వరసగా ఏడెనిమిది రోజులు చేస్తే ఆ మూల కుక్కల చిట్టాలోంచి పోతుంది. షాబాదు బండ మీద మాత్రం వెనిగర్ పడనీయొద్దు, అది సున్నపురాయి, మచ్చ పడుతుంది.

ఆషాఢం వచ్చిందంటే తలుపులూ కుక్కలూ ఒకేసారి మొరాయించేవి. వానగాలికి తలుపు ఉబ్బి దర్వాజలో ఇరుక్కుంటుంది. తేమ ఎక్కువ పీల్చేది రెక్క పై అంచు, కింది అంచు. రంగులు వేసేవాళ్లు కంటికి కనబడవని ఆ రెండే వదిలేస్తారు. ఇరుక్కున్న తలుపును వానల్లోనే చిత్రిక పట్టించేస్తే మాఘం నాటికి రెండు నూళ్ల (పావు అంగుళం) సందు వచ్చి బల్లులు, చలిగాలి దూరతాయి. ఆగలేకపోతే దర్వాజ అంచుకు రంగు సుద్ద రుద్ది తలుపు మూసి తెరవాలి. రెక్కకు సుద్ద అంటిన చోటే తగులుతోంది. అక్కడ మాత్రం అర నూలు తీసి, పొడి సబ్బు రుద్ది, మిగతాది ఎండాకాలానికి వదిలేయాలి. ఉబ్బడం ఒకటైతే, పై బందు మరలు వదులై రెక్క ఒరిగిపోవడం ఇంకొకటి. అప్పుడు తీయాల్సింది చెక్క కాదు. మర తీసి, బెజ్జంలో జిగురు ముంచిన వెదురు పుల్లలు దిగ్గొట్టి, ఆరాక మళ్లీ మర బిగిస్తే తలుపు లేచి కూర్చుంటుంది.

అదే ఆషాఢంలో లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలు. దర్వాజలకు వేపమండలు, కడపలకు కొత్త పసుపు, డప్పులు, పటాకులు. కుక్కలకు ఆ రెండు రోజులు నరకమే, ఎక్కడ దూరతాయో కనపడవు. తెల్లారి ఘటాల ఊరేగింపులో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వచ్చేది. మేడల మీంచి జనం, సందుల్లోంచి కుక్కలు. ఏనుగును చూసి కుక్కలు మొరిగినట్టు అన్న మాటను పాతబస్తీ వాళ్లు కళ్లారా చూసినవాళ్లు.

వానలు వెనకబట్టాక చిత్తకార్తె. అక్టోబరు రెండో వారం నుంచి పది పదిహేను రోజులు గల్లీలో నడవాలంటే జాగ్రత్త. ఒక ఆడకుక్క వెనక ఐదారు మగవి, వాటిలో అవి కొట్టుకుంటూ మధ్యలో మనిషి పడితే మనిషిని కరుస్తాయి. అరవై మూడు రోజులకు ఈనుతుంది, అంటే డిసెంబరు ఆఖరుకు ప్రతి మెట్ల కిందా పిల్లలే. పది పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి, మూడు వారాలకు తూలుతూ గల్లీలోకి వస్తాయి. ఈ నెలల్లో ఎప్పుడూ తోకాడించే తల్లి కూడా మీదికి వస్తుంది. నిలిపిన ఆటో కిందికో, మెట్ల కిందికో వంగి చూడొద్దు. పొద్దున ఆటో తీసేముందు మాత్రం డ్రైవరు ఒకసారి చక్రాల కింద కర్రతో తట్టాలి. చలికి అక్కడే ముడుచుకుంటాయి.

కాటు పడితే అప్పట్లో పసుపు అద్ది, సున్నం పూసి, ఆనక నారాయణగూడలో టీకాలు వేసే సర్కారు సంస్థ ఐపీఎంకు తీసుకుపోయేవాళ్లు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ భయానికే కాటు దాచిపెట్టిన పిల్లలున్నారు. అంతకన్నా ప్రమాదం లేదు. ఆ రకం మందు తయారీ 2004 చివర్లో దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే, చర్మంలోకి, మొదలుపెట్టిన రోజును సున్నాగా లెక్కేసి ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కొన్నిచోట్ల కండకు వేస్తే పద్నాలుగో రోజుదీ కలిపి ఐదు. అన్నిటికన్నా ముందు కారే నల్లా కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు, గాయానికి కుట్లు తొందరపడి వేయించొద్దు. రక్తం వచ్చిన కాటుకు గాయం చుట్టూ వేసే సీరం కూడా అడగాలి, టీకా ఒక్కటే చాలదు. కరిచిన కుక్క కళ్ల ముందే తిరిగేదైతే పది రోజులు గమనించాలి, అయితే ఇంజెక్షన్లు మాత్రం మొదటి రోజే మొదలుపెట్టాలి. కుక్కపిల్ల గీరితే ఏం కాదనుకోవడం ప్రాణాలు తీసే పొరపాటు.

గల్లీ కుక్కల్లో ఇప్పుడు చెవి కొస కత్తిరించి ఉన్నది కనబడితే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను, రేబిస్ టీకా అయ్యాయని గుర్తు. కుక్కల సంతతి అదుపుకు కేంద్రం పెట్టిన 2001 నిబంధనలు పట్టుకున్న చోటే వదలమన్నాయి, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ అదే అంటాయి. జనానికి ఇది మింగుడుపడదు గానీ కారణం ఉంది. గల్లీ ఖాళీ అయితే చెత్తకుప్ప ఖాళీ కాదు, నెల తిరక్కుండా టీకా లేని కొత్త గుంపు దిగుతుంది. ఆ టీకా జీవితాంతం పనిచేయదు, ఏడాదికోసారి మళ్లీ పడాలి. చెవి చూసి ధీమా పడేవాళ్లు ఇది మరిచిపోతారు.

ఇళ్లు మారాయి. చబుత్రలు రోడ్డు వెడల్పులో పోయాయి, పోనివి ఇంటివాళ్లే తీసి బండ్లకు ర్యాంపులు పోసుకున్నారు. దర్వాజకు ముందు గ్రిల్లు, గ్రిల్లుకు ముందు గేటు, గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. లోపల కుక్క ఉండొచ్చు, లేకపోవచ్చు. గేటు బయటి కుక్కకు లోపలి మనుషులు ఎవరో తెలియదు, లోపలివాళ్లకూ దాని సంగతి తెలియదు. సెల్లారు పార్కింగులో కార్ల కింద పడుకుని, అపార్టుమెంటుకు వచ్చే ప్రతి కొత్త ముఖాన్నీ మొరుగుతుంది. కాటు కేసులు పెరగడానికి అందరూ కుక్కల సంఖ్యే చెబుతారు. మూసిన తలుపుల సంగతి కూడా లెక్కలోకి రావాలని నాకనిపిస్తుంది.

పడగొట్టిన ఇంటి దర్వాజలు పాతకర్ర దుకాణాలకు చేరుతున్నాయి, అక్కణ్నుంచి హోటళ్లకు, ఫాంహౌసులకు. కొనేవాళ్లు ముందు రంగు లేని అడుగు అంచున చాకుతో గీరి చూడాలి. టేకయితే తోలు వాసనలాంటిది వస్తుంది, చేతికి కాస్త జిడ్డు తగులుతుంది. తెలుపు కనిపిస్తే అంచు చెక్క, బేరం తగ్గించాలి. నిలువు కర్ర పాదాలు తప్పకుండా తట్టి చూడాలి, అతుకులు అక్కడే ఉంటాయి. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి పొడి మీద ఉప్పుకాగితం పట్టొద్దు, తడిపి గీకాలి. కాస్టిక్ సోడా పోస్తే రంగు ఊడుతుంది, టేకూ నల్లబడుతుంది. కొత్త గుమ్మం ఏడడుగులుంటే, తెచ్చిన దర్వాజ ఆరడుగులే ఉంటుంది, ఎందుకంటే అప్పటి వాళ్లు తల వంచి వచ్చేవాళ్లు. వడ్లాయన నిలువు కర్రలకు కింద ముక్కలు అతికి ఎత్తు పెంచుతానంటాడు. ఒప్పుకోవద్దు, రెక్కల కుసి కడపను వదిలేస్తుంది. పైన ఉన్న అడుగు జాగాలో అద్దం బిగించమనండి.